కాపరి లేని మంద: యార్క్‌షైర్ కొండల్లో మామయ్యతో ఒక మధ్యాహ్నం

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, జనవరిలో మిషిగన్‌లోని నోవైకి, మా ఇంటికి వచ్చారు. ఏప్రిల్ దాకా మంచు చూసి చూసి విసిగిపోయి, మే నెలలో వీధిలో పచ్చిక బయటపడగానే కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. శనివారం వస్తే పక్కింటాయన మిషన్ తెచ్చి గడ్డి కోసి, సంచుల్లో కుక్కి, చెత్తబండి కోసం రోడ్డు పక్కన పెట్టేవాడు. "ఇంత గడ్డి పెంచి పారేస్తరా బిడ్డా? నాలుగు గొర్లను ఇడిస్తే అయిపాయె కదా!" అని ఆయన నన్ను నిలదీసేవారు, అదేదో నేనే పారేయిస్తున్నట్టు. మామయ్యది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెల కాపరి. నాది తెనాలి. పెళ్ళి కాకముందు నాకు గొర్రె అంటే ఆదివారం కూర, అంతే.

ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకే ఊళ్ళో మందను ఆయన మేనల్లుడు ఎల్లయ్య మేపుతున్నాడు. మా మరిది రవి ఒక మటన్ వ్యాపారితో బేరం మాట్లాడాడు, మందంతా ఒకేసారి కొనేస్తాడట. మా ఆయన మల్లేశ్‌దీ అదే పాట: "అమ్మేయి నాయినా, ఇంక నీతోని కాదు." మామయ్య ఔననలేదు, కాదనలేదు. జూన్‌లో ఆయన హైదరాబాద్ చేరేలోపు ఏదో ఒక మాట చెప్పాలన్నాడు వ్యాపారి. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే చాలు, మామయ్య టీవీ సౌండ్ పెంచేసేవారు. తిరుగు ప్రయాణం మాంచెస్టర్ మీదుగా పెట్టుకుని, మధ్యలో నాలుగు రోజులు ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్ కొండల్లో ఆగుదామన్నది నేనే. అక్కడ మనుషుల కంటే గొర్రెలెక్కువని విన్నాను. గొర్రెల్ని చూస్తేనైనా ఈ మనిషి నోరు విప్పుతారేమోనని నా ఆశ.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. అమెరికా వీసా ఉంది కదా అని ధీమాగా ఉండకండి. మన పాస్‌పోర్ట్‌కి ఇంగ్లండ్ విజిటర్ వీసా విడిగా కావాలి, రెండు నెలల ముందే అప్లై చేసుకుంటే మంచిది. డెట్రాయిట్ నుంచి మాకు నేరుగా ఫ్లైట్ దొరకలేదు, ఒకచోట మారి పొద్దున్నే మాంచెస్టర్‌లో దిగాం. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేయాలి, అద్దె కూడా కాస్త ఎక్కువే. స్కిప్టన్, సెటిల్ మీదుగా హాజ్ అనే చిన్న ఊరికి రెండు గంటలని ఫోన్ చెప్పింది, మాకు మూడు దాటింది. కారణం మా ఆయనే. మల్లేశ్ కారు నేర్చుకున్నది మిషిగన్‌లో, ఎడమవైపు నడపడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో ఒక్క కారు పట్టేంత దారి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఊపిరి బిగబట్టేవాడు. వెనక సీట్లో మామయ్య మాత్రం హాయిగా కూర్చుని, "మన దిక్కు లెక్కనే ఉంది కదరా, గంత భయమెందుకు?" అని నవ్వడం.

రెండో రోజు పొద్దున ఊరి పక్కనే ఉన్న జలపాతం చూశాం. మధ్యాహ్నం పక్క లోయలో ముకర్ అనే పల్లె దగ్గర పూల పచ్చికలు చూడాలని ప్లాన్. జూన్‌లో అక్కడ ఎండుగడ్డి కోసం వదిలిన పొలాలన్నీ పసుపు, ఊదా పూలతో నిండిపోతాయట. హాజ్ నుంచి బటర్‌టబ్స్ అనే కనుమ ఎక్కి దిగితే అరగంట దారి. బస్సులు తక్కువ, కారు లేకపోతే కష్టం. కనుమ ఎక్కుతుంటే కింద లోయంతా కనిపించింది. గోడలు గళ్ళు గళ్ళుగా కొండ నెత్తి దాకా పాకాయి, ప్రతి పొలంలోనూ ఒక రాతి కొట్టం ఉంది. ఒకచోట మామయ్య కారు ఆపించి, గోడ మీద చేయి వేసి అటూ ఇటూ నొక్కి చూశారు. "సున్నం లేదు, మట్టి లేదు. ఎట్ల నిలవడ్డదిరా ఇది?" అన్నారు. ఐదు నెలల్లో, ఆ గడ్డి గొడవ తప్ప, ఆయన తనంతట తాను ఒక విషయం గురించి అడగడం నేను వినడం అదే మొదటిసారి. నాకెంత సంతోషం వేసిందో!

కనుమ పైకి చేరేసరికి గోడలు అయిపోయాయి. విశాలమైన గడ్డి కొండ, రోడ్డుకు అడ్డంగా గొర్రెలు. నల్ల మొహం, తెల్ల ముక్కు, మెలి తిరిగిన కొమ్ములు, వెంట పిల్లలు. మల్లేశ్ హారన్ కొట్టబోతే మామయ్య ఆపి కారు దిగారు. చుట్టూ చూశారు. మనిషి లేడు, కుక్క లేదు, కంచె లేదు.

"కాపరి ఏడిరా?"

"ఉండడు నాయినా. ఇక్కడ గట్లనే ఇడిచిపెడ్తరంట," అన్నాడు మల్లేశ్.

"మందను రోడ్డు మీద ఇడిచి యాడికి పోతడు? తప్పిపోయినయిరా ఇవి. కార్ల కింద పడి సస్తయి."

"నాయినా, ఇది నేషనల్ పార్క్. మనం ముట్టద్దు."

"పార్కయితే ఏంది? గొర్రె గొర్రె కాదా?"

ఆయన వింటేగా! నా గొడుగు లాక్కుని కొండ మీదికి నడిచారు. తన ఊరి కేక ఒకటి వేశారు. ఆ గొర్రెలకు తెలుగు ఎక్కలేదు, తలెత్తి చూసి మళ్ళీ గడ్డిలో పడ్డాయి. అప్పుడాయన కేకలు మానేసి, గొడుగు అడ్డంగా పట్టుకుని ఒక పక్క నుంచి మెల్లగా చుట్టి వచ్చారు. మెట్లెక్కడానికి మూలిగే మనిషి ఆ ఎత్తుపల్లాల్లో అలా నడవడం చూసి నేనూ మల్లేశ్ నోరు తెరిచాం. కాసేపట్లో ఒక పాతిక గొర్రెలు, పిల్లలతో సహా, దిగువన గోడ మూలకు చేరాయి. మామయ్య వాటి ముందు రాయి మీద కూర్చుని, "కాపరి వచ్చేదాంక కదిలేది లేదు," అని తేల్చేశారు. పూల పచ్చికలు గోవిందా. ఫ్లాస్కులో టీ ఉంది కాబట్టి సరిపోయింది.

గంట తర్వాత నాలుగు చక్రాల మోటారు బండి మీద ఒకావిడ వచ్చింది, వెనక కుక్క. పేరు హెలెన్ అని తర్వాత చెప్పింది, వయసు మామయ్య అంతే ఉంటుంది. ముఖం కందగడ్డలా ఉంది. "వీటిని ఇక్కడికి ఎవరు తోలారు?" అని ఇంగ్లీషులో గద్దించింది. నాకు భూమి బద్దలై అందులో దూరిపోతే బాగుండనిపించింది. మా మామయ్య కాపరి అనీ, మంద తప్పిపోయిందనుకున్నారనీ, దాని మనిషి వచ్చేదాకా కాపలా కాశారనీ తడబడుతూ చెప్పాను.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "గంట నుంచి వీటి దగ్గరే కూర్చున్నాడా?" అని అడిగి, ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది. కోపం అంతా పోయింది.

తర్వాత ఆవిడ చెప్పిందంతా నేను మామయ్యకు తెలుగులో చెప్పాను. ఆ గొర్రెలకు కంచె అక్కర్లేదు. కొండలో తమ భాగం ఎక్కడిదాకానో వాటికి తెలుసు, దాటి వెళ్ళవు. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, దాని పిల్ల దాని వెంట. మామయ్య తల ఊపుతూ విన్నారు. "మావీ అంతే. ఎండకాలం కృష్ణ ఒడ్డుకు నడుస్తయి. ఎక్కడ మలుపు తిరగాల్నో ముందటి గొర్రెకు ఎరుక. చెప్పు బిడ్డా ఆమెకు," అన్నారు. చెప్పాను. హెలెన్ కళ్ళు మెరిశాయి.

"ఆమె తర్వాత ఎవరు చూస్తరో అడుగు," అన్నారు మామయ్య.

"మా పిల్లలు చేయరు," అంది హెలెన్ మామూలుగా. "కానీ మంద ఎటూ పోదు. పొలం ఎవరు తీసుకుంటే గొర్రెలూ వాళ్ళవే, మా దగ్గర అదే పద్ధతి. నేను వీటిని సంతలో అమ్మేస్తే కొత్తగా వచ్చే గొర్రెలకు ఈ కొండ తెలియదు. మళ్ళీ తెలియాలంటే ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి రోజూ వాటి దగ్గర కాపలా ఉండాలి. ఇవాళ ఈయన ఉన్నట్టు."

నేనది తెలుగులో చెప్పగానే మామయ్య మొహం మారిపోయింది. మల్లేశ్ వైపు చేయి చాపారు. "ఫోన్ తీయి. రవికి కలుపు."

అక్కడ సిగ్నల్ లేదు. హెలెన్ కుక్క గొర్రెల్ని పైకి తోలుతుంటే మేం కారెక్కి కనుమ అంచుకు వెళ్ళాం. ఫోన్ కలిసింది. "రవీ, ఆ బేరగానికి వద్దని చెప్పు. మందను ఎల్లయ్యకు పాలుకిస్తున్న," అన్నారు మామయ్య. పాలుకు ఇవ్వడమంటే మేపేది అతను, పుట్టే పిల్లల్లో చెరిసగం. అటునుంచి రవి ఏదో అరుస్తుంటే ఈయన ఫోన్ కట్ చేశారు.

"రేపు ఎల్లయ్య కూడా నాతోని కాదంటే?" అన్నాడు మల్లేశ్.

"వాడు కాదంటే ఇంకొకడు. బాట ఎరుకైన గొర్లను కోతకు పంపుతమారా?"

మల్లేశ్ కారు స్టార్ట్ చేయబోయి ఆగాడు. తర్వాత చిన్నగా అడిగాడు. "ముందు నల్లది నడుస్తుండె కదా, నేను బడికి పోయేటప్పుడు. అదున్నదా?"

"అది సచ్చి ఎన్నేండ్లాయె! ఇప్పుడు దాని మునిమనుమరాలు నడుస్తది."

"దానికి బాట ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? తల్లి ఎనుక నడిచింది."

మా ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మామయ్యను మాంచెస్టర్‌లో విమానం ఎక్కించి మేం నోవై వచ్చేశాం. ఆ లోయల గురించి ఎవరైనా అడిగితే పచ్చదనం, గోడలు, పూలు అని చెప్పాలి నేను. పూలు నేను చూడనే లేదు. కానీ కొండలో తమ భాగం ఎక్కడిదాకానో గొర్రెలకు తెలిసి ఉండడం, ఆ తెలివిడి పోకుండా మనుషులు పద్ధతి పెట్టుకోవడం చూశాను. మల్లేశ్ ఇప్పుడు ఆదివారాలు ఎల్లయ్యకు ఫోన్ చేసి మంద ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నాడు. వాగుల పేర్లు, గుట్టల పేర్లు ఒక్కొక్కటే నాకు చెబుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నోట ఆ పేర్లు నేను వినలేదు.

చివరగా ఒక్క సలహా. ఆ కొండ దారుల్లో గొర్రెలు అడ్డం వస్తే ఇంజిన్ ఆపి, అవి దాటేదాకా కారులోనే కూర్చోండి. తప్పిపోయాయేమోనని కంగారు పడకండి, వాటికి దారి తెలుసు.