అంకుల్ బందెలదొడ్డి నేను చూడలేదు

నిన్న పొద్దున ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కార్ అద్దం మీద మంచు గీకుతుంటే సునీత అక్క ఫోన్.

వాళ్ళ నాన్న నిద్రలోనే పోయారని చెప్పింది.

ఎప్పుడు అని అడిగాను. చెప్పింది. ఏం వినబడిందో ఏమో, మళ్ళీ అదే అడిగాను.

మన విశ్వనాథం అంకుల్ ఇక లేరు.

అమెరికాలో ఈ నోవై ఊళ్ళో మనవాళ్ళందరికీ ఆయన తెలుసు. ఇక్కడ కూతురి దగ్గరికి రాకముందు ముప్పై ఏళ్ళు ఇంగ్లండ్‌లో డాక్టర్. గొర్రెలు ఎక్కువ, మనుషులు తక్కువ ఉండే పల్లెటూళ్ళ జిల్లా. తలా ఒక వంట తెచ్చే ఏ పాట్‌లక్‌ విందులో కలిసినా అక్కడి పాత చర్చిలు, రాతి వంతెనలు, మైలురాళ్ళ గురించి చెప్పేవారు. మనం ప్లేట్ పట్టుకుని మెల్లగా జారుకునేవాళ్ళం. ఆయనకి "బందెలదొడ్డి డాక్టర్" అని పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే.

ఆ బందెలదొడ్డి సంగతి కొందరికి తెలియకపోవచ్చు.

ఒకరోజు పేషెంట్ ఇంటికి వెళ్తుంటే ఊరి చివర సగం కూలిన రాతి గోడ కనబడిందట. నలుచదరంగా ఉంది, పైకప్పు లేదు, ఒకటే గేటు. పార్కింగ్ కోసం దాన్ని తీసేయబోతున్నారు. ఈయన కార్ ఆపి చూసి, ఇలాంటిది మా ఊళ్ళోనూ ఉండేదే అనుకున్నారట. పరాయి చేలో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి పెట్టే బందెలదొడ్డి! పాత రికార్డులు తిరగేస్తే అదే నిజమని తేలింది. ఇక బీపీ చూస్తూనే పేషెంట్ల చేత సంతకాలు పెట్టించారు. గోడ బాగుచేసి, హెరిటేజ్ కట్టడమని బోర్డు పెట్టేదాకా వదల్లేదు.

పోయినేడాది ఆఫీస్ పని మీద నేను ఇంగ్లండ్ వెళ్ళాను.

బయల్దేరేముందు అంకుల్ మా ఇంటికి వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో, మంచులో నడుచుకుంటూ. గోడలో ఒక మూల చెట్టు మొలిచిందని, దాని వేళ్ళు రాళ్ళని తోసేస్తున్నాయేమోనని ఆయన బెంగ. "రెండు గంటల డ్రైవే నాయనా. ఆ మూల ఎలా ఉందో చూసి ఒక్క ఫోటో పెట్టు. పాడైపోతుంటే నేను అక్కడి అధికారులకి రాస్తాను" అన్నారు.

తప్పకుండా అంకుల్ అన్నాను.

శనివారం ఖాళీగానే ఉన్నాను. వర్షం. ఎడమ పక్క డ్రైవింగ్ భయం. అసలు కారణం మాత్రం బద్ధకం. హోటల్ మంచం మీద పడుకునే, అక్కడి లోకల్ హిస్టరీ వెబ్‌సైట్‌లో ఒక ఫోటో దొరికితే డౌన్‌లోడ్ చేసి పంపేశాను. "ఇప్పుడే వచ్చాను అంకుల్, గోడ సూపర్ స్ట్రాంగ్" అని కూడా రాశాను.

చాలాసేపటికి రిప్లై వచ్చింది. "సంతోషం. శ్రమ పడ్డావు."

ఆ తర్వాత ఒక పాట్‌లక్‌లో ఎవరో ఆ ఊరు ఎలా ఉందని నన్ను అడిగారు. నేను నీళ్ళు నములుతుంటే అంకులే అందుకుని, పాపం వర్షంలో అంత దూరం వెళ్ళి చూసొచ్చాడని అందరికీ చెప్పారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. గోడ సంగతి ఆయన నన్ను మళ్ళీ అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను కూడా.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. శనివారం జరిగే సంతాప సర్వీస్‌లో పెట్టడానికి అక్క పాత ఆల్బమ్స్ తీసింది. ఒక పేజీలో నేను పంపిన ఫోటో ఉంది. అదే ఎండ, అదే గోడ, గోడ మీద అదే నీలం గొడుగు.

"ఆ గొడుగు అమ్మది రా. ఫోటో తీసి అక్కడి హిస్టరీ వాళ్ళకి ఇచ్చింది నాన్నే" అంది అక్క. "నువ్వు పంపిన రోజే నాకు చూపించారు. వాడికి చెప్పకు, సిగ్గుపడతాడు అన్నారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఆయన గోడ చూసి చెప్పమని అక్కడి పాత స్నేహితులకి ఈమెయిల్స్ రాశారట. కొందరు పోయారు, కొందరు ఊరు మారారు. ఎవరూ జవాబివ్వలేదు. రోజూ ఇన్‌బాక్స్ చూసుకునేవారట. ఆ మూల ఎలా ఉందో తెలియకుండానే పోయారు. నేను ఒక్క శనివారం లేచి ఉంటే తెలిసేది.

మన వాట్సాప్ గ్రూప్‌లో చాలామంది నన్ను ట్యాగ్ చేసి, ఆయన ఊరు కళ్ళారా చూసింది నువ్వొక్కడివే, సర్వీస్‌లో నువ్వే మాట్లాడాలి అంటున్నారు. నిన్న మధ్యాహ్నం ఓకే అని కూడా పెట్టాను.

అందుకే ఇది రాస్తున్నాను. నేను వెళ్ళలేదు. చూడలేదు. నా పరువు కోసం ఆ పెద్దాయన మీ అందరి ముందు అబద్ధం ఆడారు. శనివారం వస్తాను, వెనక వరసలో కూర్చుంటాను. మైక్ మాత్రం ఇవ్వకండి.

వెళ్ళిరండి అంకుల్. అక్కడైనా నాలాంటి వాడి జవాబు కోసం ఎదురుచూసే పని లేకుండా, మీ మనసు నెమ్మదిగా ఉండాలి.