పింజ కొలిచే చదువు

సాయంత్రం ఐదింటిలోపు ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న మా హిమాయత్‌నగర్‌లో బస్సెక్కి నాందేడ్‌లో దిగేసరికి పదకొండయింది. నా వెంట బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. డబ్బున్న సంచీ ఆయన చంకలోనే ఉంది. కట్టడానికి వస్తున్నాడో, చూసి వెనక్కి తీసుకుపోవడానికి వస్తున్నాడో నాకు తెలియదు.

నాకు దొరికింది టెక్స్‌టైల్ టెక్నాలజీ. దారం, బట్ట, పత్తి తప్ప మరో చదువు చెప్పని ప్రైవేటు కాలేజీ. కంప్యూటర్లకు నా మార్కులు చాలలేదు. ఇది కాదంటే మా ఊళ్ళోనే డిగ్రీ, తర్వాత బి.ఎడ్. ఆడపిల్లకు అదే మేలని ఇంట్లో అందరి మొగ్గూ అటే. నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు, మెస్సు అంటే ఇంటికి స్లాబు వేయడానికి దాచిందంతా ఊడ్చుకుపోతుంది. ఇంకెన్ని ఎండాకాలాలు ఈ రేకుల కింద ఉడకాలని అమ్మ అడిగింది. అయినా నాకు కావాలి. మా ఊరి డిగ్రీ తరగతిలో కూర్చున్నట్టు ఊహించుకుంటేనే ఊపిరాడేది కాదు.

బాపు గింజ నుంచి దూది తీసే జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యం చూసే మనిషి. ట్రాక్టరు రాగానే ట్రాలీ ఎక్కి, పైన పరిచిన తెల్లటి పత్తి జోలికి పోకుండా, భుజం దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. గింజ తీసేసి, దూదిని రెండు బొటనవేళ్ళ నడుమ పట్టి లాగి, దూది పోగు, అంటే పింజ, ఇన్ని మిల్లీమీటర్ల పొడవని చెప్పేస్తాడు. ఆ మాట మీదే రేటు. రైతులు గొణుక్కుంటారే తప్ప ఎదురు చెప్పరు. ఆయన చదివింది ఏడో తరగతి.

కాలేజీ ఆఫీసులో ఒక మేడం మా ముందు రంగుల పుస్తకం తెరిచింది. నవ్వుతున్న పిల్లల ఫొటోలు, వాటి కింద లక్షల్లో జీతాలు. బాపు రెండు పేజీలు తిప్పి మూసేశాడు. ఇవన్నీ పైన పరిచినవి, అడుగున ఉన్నవాళ్ళను చూపించండి అన్నాడు మరాఠీలో. ఆవిడకు అర్థం కాలేదు. బొటాబొటి మార్కులతో పాసైనవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారని విడమరిచి అడిగాడు. ఆవిడ గడియారం చూపించి, సీటు కోసం ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వరండాలోకి రాగానే అందుకున్నాను.

"కట్టే మనసు లేకుంటే లేదని చెప్పరాదు బాపూ? గిట్ల అందరి ముంగట ఇజ్జత్ తీస్తవేంది?"

"చెయ్యి పెట్టి చూడకుంట ఎట్ల కొంటరు బిడ్డా?"

"నేనేమన్న పత్తినా?"

ఆయన వినిపించుకోనట్టే క్యాంటీను వైపు నడిచాడు.

అక్కడ ఆఖరి సంవత్సరం పిల్లలు ఐదారుగురున్నారు. బాపు అందరికీ చాయ్ చెప్పి, బల్లకు అటు కూర్చుని, నిరుడు పాసైనవాళ్ళ గురించి ఒక్కొక్కరినే అడిగాడు. ముందు నసిగారు, తర్వాత చెప్పారు. ఫొటోల్లో ఉన్నవాళ్ళు నిజమే, కానీ నలుగురే. తక్కినవాళ్ళు నూలు మిల్లుల్లో షిఫ్టు సూపర్‌వైజర్లు. పన్నెండు గంటలు నిలబడే పని. కొందరు పుణెలో సర్కారీ నౌకరి పరీక్షలకు చదువుతున్నారు. మరి ఆడపిల్లల సంగతేమిటని అడిగాడు. చివరన కూర్చున్న అమ్మాయి తలెత్తింది. అబద్ధం చెప్పను కాకా, రాత్రి షిఫ్టుకు పనికిరారని మిల్లుల వాళ్ళు ఆడపిల్లల్ని తీసుకోవడం లేదు, ఇద్దరు తక్కువ జీతానికి పత్తి టెస్టింగు ల్యాబుల్లో ఉన్నారు, మిగతావాళ్ళు ఇళ్ళల్లోనే ఉన్నారు, పెట్టిన డబ్బు తొందరగా తిరిగి రాదు అంది. ఆ పిల్ల నోరు మూసేయాలనిపించింది నాకు. నిజం చెప్పినందుకు అంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు.

రెండున్నర దాటింది. బాపు సంచీ తీసుకుని లేచాడు.

"పా బిడ్డా, పోదం."

"నేను రాను."

బెంచీ పట్టుకుని కూర్చున్నాను. ఏడుస్తున్నానని అందరికీ తెలుస్తూనే ఉంది, తెలిస్తే తెలియనీ అనుకున్నాను. బాపు నావైపు చూడలేక ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఆ ల్యాబుల్లో ఏం చేస్తారని అడిగాడు. చూద్దురు గాని రండి అని ఆమె మమ్మల్ని వెనక భవనంలోకి తీసుకెళ్ళింది.

చల్లటి గదిలో బీరువా అంత మెషిన్. పక్కన బుట్టల్లో దూది. బాపు అడగకుండానే ఒక బుట్టలోంచి చిటికెడు తీసి లాగి, ఇరవై ఎనిమిది, మీద జరంత అన్నాడు. ఆ అమ్మాయి అదే దూదిని మెషిన్లో పెట్టింది. ఇరవై ఎనిమిది పాయింట్ మూడు. ఆమె సంబరపడింది. బాపు కూడా నవ్వాడు, ఆ రోజంతా అదొక్కసారే. రెండోది, మూడోది కూడా సరిపోయాయి. నాలుగో బుట్ట దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. మెషిన్ అక్కడితో ఆగలేదు. పోగు బలం, రంగు, ఇంకా ఏవేవో వరసగా తెర మీద వేస్తూ పోయింది.

దీని ముందు ఎవరు కూర్చుంటారని అడిగాడు బాపు. ఈ చదువు చదివినవాళ్ళేనంది ఆ అమ్మాయి. ఆయన చేతిలో మిగిలిన దూదిని జాగ్రత్తగా బుట్టలో పెట్టేసి నావైపు తిరిగాడు.

"ఆఫీసు ఏ దిక్కు బిడ్డా?"

నాలుగింటికల్లా రసీదు నా చేతిలో ఉంది. తిరుగు బస్సులో భోకర్ దాటాక అడిగాను.

"పోదమంటివి గదా బాపూ. మల్ల ఎందుకు కట్టినవ్?"

"మా మిల్లుకు ఆ మెషిన్ ఇంకా రాలే. రేపో మాపో అస్తది."

"మన దిక్కు రాదు. శాన పైసల మెషిన్ అది."

"అస్తది" అన్నాడు, కిటికీలోంచి సోయా చేలు చూస్తూ. అది వచ్చిన రోజు ఆయన బొటనవేళ్ళతో మిల్లుకు పని ఉండదని అప్పుడర్థమైంది నాకు. రసీదు మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. గెలిచిన సంతోషం ఏ కోశానా లేదు.

ఆయన అన్నట్టే వచ్చింది. నేను మూడో ఏడులో ఉండగా మిల్లులో బిగించారు. బాపును గేటు దగ్గర బండ్ల నంబర్లు రాసే పనిలో వేశారు. జీతం తగ్గింది. ఆ సంగతి ఫోనులో చెప్పి, వెంటనే మెస్సులో అన్నం మంచిగ పెడుతున్నరా అని అడిగాడు.

చదువు ముగిశాక నాందేడ్‌లోనే ఒక ల్యాబులో చేరాను. క్యాంటీనులో కలిసిన అమ్మాయి చెప్పినట్టే జీతం తక్కువ. ఇంటి మీద ఇప్పటికీ రేకులే. మొన్న బాపు ఫోను చేశాడు. మిల్లులో మెషిన్ చూసే అబ్బాయి మానేశాడట. ఇప్పుడొచ్చే దానికంటే ఎక్కువ ఇస్తాం, నీ బిడ్డ వస్తుందా అని సేటు అడిగాడట.

"నేను రాను బాపూ. నువ్వు గేటుకాడ నిలవడితే నేను లోపల కూసుంటనా? నాతోని కాదు."

బాపు నన్నెప్పుడూ గద్దించలేదు. ఆ రోజు గద్దించాడు.

"మరి నేనెందుకు కట్టిన?"

వచ్చే నెల ఒకటో తారీఖున చేరుతున్నాను.