మెట్లకు కొట్టిన ఊ

ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసే పనిలో అతన్ని అందరూ బీరువా అంటారు. వయసులో ఉన్నప్పుడు ఇనప బీరువాని ఒక్కడే వీపున వేసుకుని రెండంతస్తులు ఎక్కాడు. ఆ రోజు అంటుకున్న పేరు మళ్ళీ ఊడలేదు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ పట్నంలో ఒక్కరూ లేరు.

ఇప్పుడు నలభై ఏడు. మోకాళ్ళు ముందున్నట్టు లేవు. పెద్ద సామానుకి జత కావాలి. జతగాణ్ణి బక్కోడు అంటారు. చూడ్డానికి గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు గానీ పట్టు పడితే వదలడు. ఇద్దరూ కలిసి పదకొండేళ్ళుగా మోస్తున్నారు.

మెట్ల మీద బరువు దించేటప్పుడు కింద ఉన్నవాడు వెనక్కి నడవాలి. వాడికి మెట్టు కనపడదు. పైనున్నవాడికి కనపడుతుంది గానీ, భుజాన పట్టీ బిగించి, చెంప సామానుకి ఆనించి ఉంటాడు కాబట్టి నోరు తెరిస్తే ఊపిరి జారుతుంది. కొత్తలో వీళ్ళు "దిగు" అనీ, "దించు" అనీ చెప్పుకునేవాళ్ళు. ఒకసారి బీరువా "దిగు" అంటే బక్కోడికి "దించు" అని వినపడింది. ఎవరిదో ఫ్రిజ్జుని మెట్ల మధ్యలో దించేశాడు. మిగతా మెట్లన్నీ ఆ ఫ్రిజ్జు తనంతట తనే దిగింది. ఆవేళ పడ్డ తిట్లతో మాటలు మానేశారు. ఒక ఊ అంటే మెట్టు. ఊ ఊ అని రెండుసార్లంటే మలుపు దగ్గర చదును. అంతే. పైనుంచి బీరువా ఊ కొడతాడు, కింద బక్కోడు కాలేస్తాడు. రోజూ అదే పాట.

ఆ బుధవారం నాలుగో అంతస్తు నుంచి ఒక అద్దాల చెక్క బీరువా దించాలి. పట్టీ బిగిస్తుండగా ఇంటి దగ్గర్నుంచి పెళ్ళాం ఫోను. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, "పనిలో ఉన్నా, బీరువా దించుతున్నాం. నువ్వు చెప్తూ ఉండు, వింటుంటా" అన్నాడు. ఇది వాళ్ళకి అలవాటే. ఆవిడ మాట్లాడుతుంది, అతను మోస్తుంటాడు. ఎవరి పోరాటం వాళ్ళది. కానీ ఆవేళ మెట్ల దారిలో సిగ్నల్ సరిగ్గా లేదు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. పైన ఇంటావిడ నిలబడి "అద్దం, అద్దం" అని జపం చేస్తోంది. బీరువా ధ్యాసంతా మెట్ల మీదే. కిందికి చేరేసరికి ఫోను ఆగిపోయి ఉంది. ఏం చెప్పిందో ఏమో, రేపు అడగొచ్చులే అనుకున్నాడు.

అతనుండే గది మూడో అంతస్తులో, వెనక వైపు. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి మేకులు. పెళ్ళాంతో మాత్రం సొంతంగా గది తీసుకున్నాననీ, కిటికీ పెద్దదనీ, ఒక్కడినే దర్జాగా ఉంటున్నాననీ చెప్పాడు. నిజానికి ఆ గదిలో ఇద్దరుంటారు. రెండోవాడు రాత్రి కాపలా చేసే పెద్దాయన. పొద్దున ఏడింటికి ఆయన డ్యూటీ దిగి వస్తాడు, ఏడున్నరకి బీరువా పనికి బయల్దేరతాడు. ఒకరు లేచిన మంచం మీద ఇంకొకరు పడుకుంటారు. ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు గానీ, రోజుకి ఆ అరగంటే ఒకరి మొహం ఒకరు చూసేది. అందులో సగం స్నానానికీ, తాళం వెతకడానికీ పోతుంది.

ఆ ఒక్క అబద్ధం ఎందుకాడాడో అతనికే తెలీదు. పెళ్ళాం బెంగపడుతుందని మొదట్లో అనుకున్నాడు. తర్వాత దాన్ని మోయడం కూడా పనిలో పనైపోయింది.

ఆవిడ వస్తానన్నప్పుడల్లా పట్నాన్ని తిట్టిపోసేవాడు. నీళ్ళు గంటసేపే వస్తాయి. గాలాడదు. పక్కింట్లో మనిషి పోయినా వాసన వచ్చేదాకా తెలీదు. ఎక్కడికెళ్ళాలన్నా రెండు గంటలు నిలబడే వెళ్ళాలి. బక్కోడు ఎప్పుడైనా "ఊరెళ్ళిపోదాం అన్నా, చాలింక" అంటే మాత్రం అతని నాలుక తిరగబడేది. "అక్కడేముందిరా? ఇక్కడ రోజూ పనుంది. జ్వరమొస్తే వీధి చివర మందుల షాపుంది. కొత్త చొక్కా తొడుక్కుంటే ఎక్కడిదని అడిగేవాడు లేడు. నీ తాత ఎవరు, నీ చెల్లెలి కాపురమేమైంది అని గుచ్చేవాడు లేడు" అనేవాడు. అటు చెప్పినవీ నిజాలే, ఇటు చెప్పినవీ నిజాలే. ఎవరికి ఏవి కావాలో అవి చెప్పేవాడు.

ఎవరికీ చెప్పనిది ఇంకోటుంది. ఈ పట్నంలో అతను చూడని ఇల్లు లేదు. పడగ్గదులు, వంటగదులు, మంచం కింద దాచుకున్న పాత ఉత్తరాల పెట్టెలు, అన్నీ మోశాడు. ఒకసారి ఒక ముసలావిడ సామాను లారీకెక్కిస్తుంటే ఎదురింటాయన తలుపు తీసి, "ఇందులో ఎవరుండేవాళ్ళు?" అని అతన్నే అడిగాడు. ఆవిడ అక్కడ తొమ్మిదేళ్ళుంది. ఆ రోజు బీరువాకి అన్నం సయించలేదు.

గురువారం టీ బడ్డీ దగ్గర ఉండగా పెళ్ళాం మళ్ళీ చేసింది.

"ఆదివారం పొద్దున్నే దిగుతా. బస్టాండుకి వస్తావుగా?"

"ఎవరు దిగుతున్నారు?"

"ఎవరేమిటయ్యా. నేనే. నిన్న ఊ అన్నావు కదా."

"నేనా?"

"నువ్వు కాక పక్కింటోడా? అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయింది, ఇంత ఇంట్లో నేనొక్కదాన్ని గోడలతో మాట్లాడుతున్నా, వచ్చేయనా అంటే ఊ అన్నావు. నిజంగానా అంటే ఊ అన్నావు. గది ఇద్దరికీ సరిపోతుందా అంటే ఊ ఊ అని రెండుసార్లన్నావు. వీధంతా చెప్పేశాను. కోళ్ళన్నీ తోడికోడలికి ఇచ్చేశాను. నువ్విప్పుడు మాట మారిస్తే మళ్ళీ కోళ్ళడగడానికి నాకు మొహం లేదు."

ఆ గొంతులో సంతోషం అతను చాలా కాలంగా వినలేదు. ఆ ఊలన్నీ మెట్లకని చెబుదామని నోరు తెరిచాడు. "జాగ్రత్తగా రా" అని వచ్చింది.

విషయం విని బక్కోడు టీ పొలమారి ఐదు నిమిషాలు దగ్గాడు. "మెట్టుకి ఊ కొడితే వదినె దిగొచ్చిందా? అన్నా, ఇంకా నయం, ఇంకో అంతస్తు ఎక్కువుంటే మీ అత్తగారు కూడా వచ్చేది."

"నవ్వురా, నవ్వు. నీదేం పోయింది."

"నవ్వక ఏం చేయమంటావు? ఉన్న మాట చెప్పెయ్."

"నోరు రాలేదురా."

రెండు రోజులు పని దిగాక గదుల కోసం తిరిగాడు. ఒకచోట ఒంటరి మగాడికివ్వం అన్నారు. పెళ్ళాం వస్తోందంటే, ఆమె వెనకాల ఇంకెంతమందొస్తారో అన్నారు. ఇంకోచోట తలుపు సగమే తెరిచి, అతని చేతులకేసి చూసి, ఖాళీ లేదన్నారు. బయట బోర్డు మాత్రం వేలాడుతూనే ఉంది.

శనివారం పొద్దున పెద్దాయన చెప్పులు విడుస్తుంటే అడిగాడు.

"పెద్దాయనా, రేపు మా ఆవిడొస్తోంది."

"మంచిదే కదా తమ్ముడూ. ఎన్నాళ్ళుంటుంది?"

"ఉండిపోవడానికే."

పెద్దాయన కుర్చీలో కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "రేపటికైతే నేను గేటు దగ్గర గదిలో నడుం వాలుస్తాలే. తర్వాత చూద్దాం. నేనున్నానని ఆమెకి చెప్పావుగా?"

బీరువా మేకుకి తగిలించిన తువ్వాలు తీసి మళ్ళీ అదే మేకుకి తగిలించాడు.

"ఆరేళ్ళు" అన్నాడు పెద్దాయన. "మా ఇంట్లో నీ సంగతి అందరికీ తెలుసు. నా మనవరాలు ఫోన్లో అడుగుతుంది, బీరువా తాత ఎలా ఉన్నాడని. ఉన్నాడమ్మా, ఇప్పుడే పనికెళ్ళాడు అని చెబుతా." టోపీ మేకుకి తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజంతా బీరువాకి సామానుకంటే ఆ మాటే బరువుగా ఉంది. ఇంటివాళ్ళు తప్ప తన గురించి అడిగేవాళ్ళే లేరనుకుంటూ ఆరేళ్ళు గడిపాడు.

ఆదివారం బస్టాండులో ఆవిడ ఒక ఇనప పెట్టెతో, ఒక సంచితో దిగింది. పెట్టెలో ఇల్లంతా సర్దినట్టుంది. దారిలో చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు. కానీ ఆవిడ ఊపిరి తీసుకునే సందివ్వలేదు. అమ్మాయి హాస్టల్, తోడికోడలి మొహం, బస్సులో పక్క సీటామె గురక, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది.

మెట్ల దగ్గర పెట్టె భుజానికెత్తుకోబోతే ఒప్పుకోలేదు. "మోకాళ్ళ నొప్పులని వారం వారం ఏడుస్తావు. నేనూ ఒక పక్క పడతా." ముందు అతను, వెనక ఆవిడ. మెట్లు ఇరుకు, చీకటి. పెట్టె అడ్డంతో ఆవిడకి కాళ్ళ ముందేముందో కనపడదు. అతని నోరు దాని పని అది చేసుకుపోయింది. "ఊ." "ఊ." "ఊ." మలుపులో "ఊ ఊ."

వెనక పెట్టె ఆగింది.

"ఎవరికి ఊ కొడుతున్నావు? నేనేం మాట్లాడలేదే."

"నీక్కాదు. మెట్టుకి. మాకు పనిలో అలవాటు. ఒకటంటే మెట్టు, రెండంటే చదును. వెనకున్నవాడికి కనపడదు కదా, అందుకని..."

అంతవరకూ అనేశాక తెలిసొచ్చింది ఏం చెబుతున్నాడో.

ఆవిడ తన వైపు పెట్టెని నేలకి ఆనించింది.

"ఆవేళ బీరువా దించుతున్నామన్నావు."

అతను కూడా తన వైపు దించాడు.

"వచ్చేయనా అని అడిగాను. ఊ అన్నావు."

"అది మెట్టు."

"నిజంగానా అన్నాను."

"అదీ మెట్టే."

"గది సరిపోతుందా అంటే ఊ ఊ అన్నావు. ముందు రెండిటికీ ఒక్కోసారే అన్నవాడు దీనికి రెండుసార్లన్నాడని ఎంత మురిసిపోయానో."

"అది చదును."

పైనుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చూసుకుంటూ దిగి వచ్చాడు. "కాస్త పక్కకి" అని, వాళ్ళ మొహాలు చూడకుండానే పెట్టె దాటుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ వాడు వెళ్ళిన వైపే చూసింది. తర్వాత పెట్టె ఎత్తింది. "పద. బరువుగా ఉంది."

గదిలో ఆవిడ కూర్చోలేదు. ఒక్కొక్క వస్తువే చూసింది. రెండు సబ్బులు, రెండు గ్లాసులు, మేకుకి ఇత్తడి గుండీల చొక్కా.

"ఇది నీకు సరిపోదు. ఎవరిది?"

అప్పుడు చెప్పాడు. పెద్దాయన గురించి, మంచం గురించి, లేని సొంత గది గురించి. చెప్పడం తేలిగ్గానే అయిపోయింది. అన్నేళ్ళు మోసింది ఇంతేనా అనిపించింది.

"నేను రావడం ఇష్టం లేదా? గది లేదా?"

"గది లేదు."

"ఆ రెండూ ఒకటి కాదయ్యా. గది లేదని చెప్పుంటే కోపమొచ్చేది, పోయేది. నీళ్ళు రావు, గాలాడదు అని నాకు కథలెందుకు?"

"అవి కథలు కాదు. అవీ నిజమే."

"నిజమేలే. నన్ను ఆపడానికి వాడుకున్నావు." మంచం అంచున కూర్చుంది. "ఆ పెద్దమనిషిని వెళ్ళగొట్టి నేనిక్కడ పడుకోలేను. సాయంత్రం బస్సుకి వెళ్తా. పెట్టె ఇక్కడే ఉండనీ."

"వీధిలో అడిగితే ఏం చెప్తావు?"

"పట్నం నాకు పడలేదని చెప్తా. దాన్ని తిట్టాలన్నా కాస్త చూడాలిగా. పద, చూపించు."

ఏం చూపించాలో అతనికి తెలియలేదు. అతనికి తెలిసిన పట్నమంతా మెట్లే. ఆ మేడలో ఐదో అంతస్తుకి పియానో ఎక్కించామనీ, ఈ మేడలో లిఫ్ట్ ఉండీ మమ్మల్ని ఎక్కనివ్వరనీ చెప్పుకుంటూ నడిచాడు. ఆవిడ నవ్వింది ఒకసారి. పెద్ద రోడ్డు దాటేటప్పుడు అతని చెయ్యి పట్టుకుంది. అవతలికి చేరాక వదల్లేదు. ఇంటి దగ్గరైతే పదడుగులు వెనక నడిచే మనిషి.

"ఇక్కడ ఎవరూ చూడరా?" అంది.

"చూడరు."

"బాగుంది" అంది. కొంత దూరం పోయాక, "భయంగా కూడా ఉంది. నువ్వీ రోడ్డు మీద పడిపోయినా చూడరుగా" అంది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. అతను కింద నిలబడ్డాడు. డ్రైవరు ఇంజను వేశాడు.

"ఇప్పుడు చెప్పు" అంది ఆవిడ కిటికీలోంచి వంగి. "చేతుల్లో సామానేం లేదు. మళ్ళీ రానా?"

రా, అన్నాడు. ఇంజను చప్పుడులో అతనికే వినపడలేదు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. అతను గొంతెత్తాడు. ఇన్నేళ్ళలో ఆ పట్నంలో అతను అంత గట్టిగా అరిచింది లేదు.

"గది చూస్తా. దొరికేదాకా తిరుగుతా. నువ్వు రా."

"అది నాకేనా?"

తల ఊపాడు. ఆవిడ ఇంకేదో అంది గానీ బస్సు మలుపు తిరిగిపోయింది.

అతను అక్కడే నిలబడ్డాడు. ఖాళీ అయిన చోట్లోకి ఇంకో బస్సు వచ్చి ఆగింది. జనం అతన్ని రాసుకుంటూ ఎక్కుతున్నారు. కండక్టరు మెట్టు మీద నుంచుని, "ఎక్కడికి పెద్దాయనా?" అని అడిగాడు.

"ఎక్కడికీ కాదు" అని పక్కకి తప్పుకున్నాడు.