పేరు దొరకని పన్ను

మా డాక్టర్ సాబ్ పోయారని పోయిన నెల ఒక పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "నిద్రల్నే పోయిండు చెల్లె, నువ్వు రా" అని, అంతే. బోధన్‌లో ఆయన పళ్ళ దవాఖానలో ఏళ్ళ తరబడి ఆయన చేతికి మందు కలిపి ఇచ్చింది నేనే.

చెరుకు నమిలే ఊళ్ళు మావి. పళ్ళలో పెట్టించుకున్న సిమెంటు అరిగి, అంచు విరిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. పాతదంతా తవ్వి తీయడం ఆయనకు నచ్చేది కాదు. వెండి ఫిల్లింగ్‌లో పాడైన అంచును మాత్రం గరుకు చేసి, జిగురు పూసి, తెల్లటి మందు అద్ది, నీలం లైటు పట్టేవారు. ఉమ్మి ఆగని వెనక పళ్ళకైతే నేను కాగితం మీద పొడీ ద్రవమూ కలిపిన సిమెంటు. అది మెరుస్తుండగానే పంటికి పట్టాలి. మెరుపు పోతే పక్కన పడేయించేవారు. "బాగున్న దాన్ని ముట్టద్దు బిడ్డా. అరిగినకాడికే మన పని" అనేవారు.

ఆయనకు ముఖాలు గుర్తుండేవి కావు. అంగట్లో ఎవరైనా నమస్తే పెడితే తెల్లబోయి చూసేవారు. వాళ్ళు నవ్వితే చాలు, "ఆ, మీరా" అనేవారు.

ఒక వానాకాలం మంజీరకు వరద వచ్చింది. నీళ్ళు తీశాక, మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి దగ్గర ఒక శవం ఒడ్డుకు చేరింది. ముఖం మిగల్లేదు. కొడుకు ఇంటికి రాక వెతుక్కుంటున్న ఒకామె మా దగ్గరికి వచ్చింది. "మా పోరనికి పన్ను మీరే మంచిగ చేసిండ్రు సారూ. జర వచ్చి సూడుండ్రి."

శవాల గదిలో నేను టార్చి పట్టాను. డాక్టర్ సాబ్ చిన్న అద్దం పట్టుకొని వంగి, అలవాటు కొద్దీ "జర తెరువు" అన్నారు. అనేశాక ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పైన, ఎడమవైపు వెండి ఫిల్లింగ్. దాని అంచున తెల్లటి అతుకు. అన్ని రోజులు నీళ్ళలో నానినా అది చెక్కుచెదరలేదు.

"మనదే" అన్నారు మెల్లగా.

తలుపు దగ్గర ఆ తల్లి కూలబడింది. ఆయన గబగబా ఆమె దగ్గరికి వెళ్ళారు. "నీ కొడుకు గాదవ్వా. ఆయనకు నేను కింది పన్ను చేసిన. ఈయనకు కింది పళ్ళన్నీ మంచిగున్నయి."

"నిజమేనా సారూ?"

"నిజం."

ఆమె ఆయన చేతులు పట్టుకొని ఏడ్చి, గదివైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ శవం దగ్గరికి వచ్చారు. "మరి నువ్వెవరివయ్యా?" అని ఆ నోటినే అడిగారు. నాకూ గుర్తు రాలేదు. ఆ మందు అందించింది నా చెయ్యే.

ఆ శవం కోసం ఎవరూ రాలేదు. పూడ్చేటప్పుడు చుట్టాల చోట మేమిద్దరమే నిలబడ్డాం.

మహారాష్ట్రకు కూలికి పోయిన ఆమె కొడుకు దీపావళికి ముందు తిరిగి వచ్చాడు. తల్లి అతన్ని తెచ్చి మా కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టర్ సాబ్ అద్దం పెట్టబోయి ఆగి, అతని చెంపకు చెయ్యి ఆనించారు. "వెచ్చగున్నది" అన్నారు నాతో.

అప్పటినుంచి ఎవరు వచ్చినా ముందు పైన, ఎడమవైపు చూసేవారు. చాలాకాలంగా కనిపించని మనిషి వస్తే ఆయన ముఖం తేటపడేది. "రానోళ్ళల్లనే ఎవరో ఒకరు బిడ్డా" అనేవారు. చేసిన పని ఎటు పోయిందో చూసుకోవాలని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇది చదివే మీ ఇంట్లో ఎవరైనా ఆ వరద తర్వాత తిరిగి రాకపోతే, వాళ్ళ పైపన్నుకు తెల్ల అతుకు ఉండేదేమో గుర్తుచేసుకోండి.

ఏటా పోయినవాళ్ళకు పెట్టుకునే పెత్రమాసకు ఆయన కందకుర్తి వెళ్ళి ఆ మనిషికని ఇంత అన్నం నీళ్ళలో వదిలేవారు. ఈసారి నేను అన్నం పెట్టిన రెండు దొన్నెలతో వెళ్ళాను. రేవులో మంత్రం చెప్పే అయ్యగారు పేర్లడిగారు. మొదటిదానికి డాక్టర్ సాబ్ పేరు చెప్పాను. రెండోదానికి "తెల్వది" అన్నాను.

నీళ్ళలో వదిలితే మొదటిది గోదావరి వెంట సాగిపోయింది. రెండోది రెండు నదులు కలిసేచోట ఆగి, మెల్లగా తిరిగింది. గాలి లేదు. నేను మెట్లెక్కి వెనక్కి చూసేసరికి అది ప్రవాహానికి ఎదురొచ్చి, ఇందాక నేను నిలబడ్డ మెట్టును ఆనుకొని ఉంది.