సంఘం వారి గొలుసు

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. ఐదో తరగతి దాకానే చదివాను. చదివేవారు మన్నించాలి. మా ఇంటి ఓనరు పెద్దమ్మ పోయింది. పొద్దున బర్రె పాలు పిండి, చెంబు అరుగు మీద పెట్టి, పక్కనే కూర్చుంది. నేను చాయ్ గ్లాసు తీసుకుని వెళ్లేసరికి గోడకు ఆనుకుని ఉంది. కునుకు పట్టిందనుకుని గ్లాసు మీద మూత పెట్టి పక్కన ఉంచాను. చాయ్ చల్లారిపోయాక గానీ నాకు అర్థం కాలేదు.

దినాలు అయ్యాక మన కాలనీ సంఘం కార్యదర్శి గారు మా గుమ్మం దగ్గరికి వచ్చారు. సంఘం తరఫున సంతాప సభ పెడుతున్నామని, ఆమె దగ్గర ఎక్కువ కాలం ఉన్నదానివి కాబట్టి నాలుగు మంచి మాటలు రాసిస్తే చదివిస్తామని అన్నారు. సరేనన్నాను. మెట్లు దిగినవారు మళ్లీ వెనక్కి తిరిగి, "ఆ గేటు గొలుసు గూడ ఇచ్చెయ్యమ్మా, అది సంఘం సొత్తు" అన్నారు.

నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. గొలుసు మాట గుర్తుకొచ్చి జరిగిందంతా రాస్తున్నాను.

పెళ్లయి మిర్యాలగూడ వచ్చిన కొత్తలో పెద్దమ్మ ఇంటి వెనుక పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. మా ఆయనకు రైసు మిల్లులో పని. ముందు భాగంలో ఆమె ఒక్కతే ఉండేది. కూతురు కోదాడలో కాపురం. ఇల్లు ఆమె పేరునే ఉంది గనుక సంఘంలో ఆమె కూడా సభ్యురాలే. ఆడవాళ్లలో ఆమె ఒక్కతే. మీటింగుకు పోయి వెనుక బెంచీ మీద కూర్చుని ఆకు, వక్క నములుతూ అందరి మాటలూ వినేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మా పోర్షన్‌లోకి అడగకుండా ఎప్పుడూ రాలేదు. గడప బయట నిలబడి గొంతు సవరించుకుని, "బిడ్డా, రావొచ్చునా?" అనేది. తన ఇల్లే కదా, అడగడం ఎందుకని ఒకసారి నవ్వాను. "కిరాయి తీసుకున్ననంటే గది నీ ఇల్లు. గోడలే నాయి" అంది. మా పుట్టింట్లో కూడా నన్ను అడిగి నా గదిలోకి ఎవరూ రాలేదు. నాకు గది ఉంటే కదా.

కిరాయి ఇళ్లలో చావు కానివ్వరని అందరికీ తెలుసు. ప్రాణం పోయేలా ఉంటే మంచంతో సహా రోడ్డు మీదికి తెచ్చుకోమంటారు. శవాన్ని డ్రైనేజీ పక్కన టెంటు కింద పెట్టుకుని ఏడ్చిన వాళ్లను నేను చూశాను. ఒక్క ఓనరు అలా అంటే అది ఒక మనిషి పిరికితనం అనుకోవచ్చు. మన సంఘం దాన్ని తీర్మానం చేసింది. కిరాయిదార్లు చావుబతుకుల్లో ఉన్నవారిని గానీ, శవాన్ని గానీ కాలనీలోకి తేకూడదని చేతులెత్తి ఒప్పుకున్నారు. ఆ రోజు చెయ్యి ఎత్తనిది పెద్దమ్మ ఒక్కతే.

తర్వాత మా అత్తకు కడుపులో గడ్డ వచ్చింది. తిరుమలగిరి దగ్గర ఊళ్లో ఇల్లు వానలకు కూలిపోయాక ఆమె, మామ మా దగ్గరే ఉండేవారు. హైదరాబాదు పెద్ద దవాఖానలో ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. జీపులో పడుకోబెట్టి తెచ్చాం. మిట్టమధ్యాహ్నం కాలనీ గేటు దగ్గరికి వచ్చేసరికి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. లోపల కార్యదర్శి గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నన్నేం అనకుండ్రి, సార్ చెప్పిండు" అని చౌకీదారు తల వంచుకున్నాడు.

మా ఆయన చేతులు జోడించాడు. కార్యదర్శి గారు, "మంచిగ చెప్తున్న, ఇంక పానం ఉన్నది గద, మల్ల దవాఖానకే తీస్కపోండ్రి. ఈడ ఏమన్న అయితే ఇండ్ల రేట్లు పడిపోతయి. కొనేటోడు రాడు" అన్నారు.

జీపు రేకు పెనంలా కాలుతోంది. మా అత్త ముఖం మీద నా కొంగు పట్టి నిలబడ్డాను. నేను మగవాళ్ల ముందు మాట్లాడి ఎరగను.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది, చేతిలో గడ్డపారతో.

"ఏంది సారూ, ఎవల ఇంటికి వొయ్యేటోల్లను ఆపుతున్నవ్?"

"మీ ఇంటికే పెద్దమ్మా. రూల్ ఉన్నది. కిరాయోల్లు..."

"నా ఇంటికి నేనే రమ్మంటున్న. ఇగ నడుమ నీకేం పని? జర జరుగు, కాలు మీద వడితె నన్ననకు."

గడ్డపార గొలుసు సందులో దూర్చి మెలేసింది. తాళం పగల్లేదు. గేటు కొండీయే ఊడి వచ్చింది. గొలుసు కింద పడింది. ఆమె దాన్ని దులిపి భుజాన వేసుకుని, "మా దుడ్డెకు మంచి గొలుసు లేదని పరేషాన్ అయితున్న. సంఘమోల్లు కొని పెట్టిన్రు" అంది. చౌకీదారు అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మా అత్త పెదాలు కదిలాయి. నవ్విందని నేనంటాను. కాదంటాడు మా ఆయన.

వెనుక మా గదిలో చీకటని పెద్దమ్మ తన ముందు గదిలోనే మంచం వేయించింది. "అక్కా, ఇక్కడ గాలొస్తది. నీకు బుద్ధి పుట్టినన్ని దినాలుండు" అంది.

మరునాడు మా నల్లాలో నీళ్లు రాలేదు. బోరు నుంచి మా ఇంటికి వచ్చే వాల్వు సంఘం వాళ్లు కట్టేశారు. మా ఆయన అడగబోతే, కొండీ విరగ్గొట్టినందుకు క్షమాపణ రాసిచ్చేదాకా ఇంతేనన్నారు. నేనూ పెద్దమ్మా గేటు బయట ఉన్న బోరింగు కొట్టి బిందెలు మోశాం. ఆమె మోకాళ్లు అప్పటికే పనికిరావు. ఆగి ఆగి నడుస్తూ ఒక్కో ఇంటి ముందు బిందె దించి, ఆ ఇంటివాళ్లకు వినబడేలా, "మంచిగున్నరా?" అని అడిగేది.

అలా నీళ్లు లేని రోజుల్లోనే మా అత్త పోయింది. మనిషి పోయిన ఇంట్లో నీళ్లు ఎన్ని కావాలో మీ అందరికీ తెలుసు. వాల్వు తిప్పడానికి ఒక్క చెయ్యి రాలేదు. కాలనీలోని కిరాయి ఇళ్ల ఆడవాళ్లు ఎవరూ పిలవకుండానే బోరింగు దగ్గర వరుస కట్టారు. మా పక్కింటి ఓనరు భార్య మొగుడికి కనబడకుండా గోడ మీదుగా ఒక బకెట్ అందించింది. మా అత్తకు కడసారి స్నానం ఆ నీళ్లతోనే చేయించాం. అమ్మా, మీరు సభలో ఉంటే, మీ బకెట్ నాకు గుర్తుంది.

కార్యం ముగిశాక పెద్దమ్మ సూర్యాపేట నుంచి తన తమ్ముడిని పిలిపించింది. ఆయన అక్కడ కోర్టులో వకీలు. ఇద్దరూ కలిసి మీటింగుకు పోయారు. నేను హాలు తలుపు పక్కన చెప్పుల దగ్గర నిలబడి విన్నాను. వకీలు గారు మెల్లగానే చెప్పారు. సంఘానికి చందా వసూలు చేసే అధికారం ఉంది. ఆ చందాతో బోరు నడపాలి, లైట్లు వేయాలి, మోరీల్లో మురికి తీయించాలి, లెక్క చూపాలి. అది బాధ్యత. కానీ రోడ్డు మున్సిపాలిటీది, దానికి తాళం వేయడానికి సంఘం ఎవరు? ఎవరి ఇంట్లో ఎవరు బతకాలో, ఎవరు చావాలో తీర్మానం చేసే అధికారం ఏ చట్టం ఇచ్చింది? శిక్షగా నీళ్లు ఆపితే కోర్టులో జవాబు చెప్పుకోవాలి.

"మెజారిటీ తీర్మానం వకీలు సాబ్" అన్నారు అధ్యక్షుల వారు.

పెద్దమ్మ లేచింది. "మీరంత చేతులు లేపితె నా గడప మీదైతదా? నెల కాంగనె చందా కిరాయోల్ల చేతులకెల్లే తీసుకుంటరు. గప్పుడు అంటు లేదు. మా ఎనక గల్లీ మోరీ తీసి ఎన్ని దినాలైంది? లైటు ఎన్నడన్న ఎలిగిందా? గవి చేసేటందుకు చేతులు లేవయి గని, సచ్చేటోల్లను ఆపనీకి లేస్తయి."

మరునాడు వాల్వు తిప్పారు. తీర్మానం సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఆ 'తర్వాత' అంటే ఎప్పుడో మీరే చెప్పండి. ఈనాటికీ దాన్ని కొట్టేయలేదు. మీటింగ్ జరిగిన ప్రతిసారీ పెద్దమ్మ అడిగేది, మీరు చాయ్ తెప్పించేవారు. "గీల్ల చాయ్ తాగి తాగి నాకు నిద్ర ఖతమైంది బిడ్డా" అని నాతో చెప్పి నవ్వేది. ఇప్పుడు అడిగే మనిషి లేదు. అందుకేనేమో మొన్న మిల్లు దగ్గర మా ఆయనతో కార్యదర్శి గారు, "పెద్దమ్మ ఉన్నప్పటి ముచ్చట వేరు. ముసలాయనను ఏమన్న కాకముందే ఊరికి పంపించుకోండ్రి" అన్నారట. ముసలాయన అంటే మా మామ. ఊళ్లో ఆయనకు ఇల్లు లేదు. రాత్రంతా దగ్గుతాడు. కాలనీ వాళ్లకు వినబడుతుందేమోనని ఇప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

సభలో ఆమె ఫొటోకు దండ వేస్తారు. వేయండి. దండ వేసే ముందు ఆ తీర్మానం కొట్టేస్తున్నామని నలుగురి ముందు చదవండి. చదవకపోతే దండ వేయొద్దు. ఇల్లు ఇప్పుడు కోదాడలో ఉన్న ఆమె కూతురిది. ఆమె మమ్మల్ని ఉండమంది, మామను కూడా ఉండమంది. మేం పోవడం లేదు.

చదివాక ఇది కాల్చేయండి అని చివర రాద్దామనుకున్నాను. మేం ఆడవాళ్లం మనసులో మాట రాస్తే అలాగే రాస్తాం. ఇప్పుడు రాయను. దాచుకోండి.

ఇక గొలుసు. అప్పటి దుడ్డె ఇప్పుడు ఈనిన బర్రె. కూతురు దాన్ని నాకే ఒప్పజెప్పి పోయింది. గొలుసు దాని మెడలోనే ఉంది. రాసుకుని రాసుకుని మెడ దగ్గర లంకెలు వెండిలా మెరుస్తున్నాయి. పొద్దున్నే ఆ గొలుసు చప్పుడు చేస్తూ అరుగు వైపు మెడ చాచి చూస్తుంది. సంఘం సొత్తు కావాలంటే కార్యదర్శి గారే వచ్చి విప్పుకోవచ్చు. పెద్దమ్మ పోయినప్పటి నుంచి అది నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.