చూసినవాళ్ళ పేర్లు

ఆ రోజుల్లో మా నాయన ఫోనులో చూసేది ఒక్కటే. పొద్దున్నే కాఫీ తాగి, వసారాలో గోడ వైపు తిరిగి కూర్చుని, మా చిన్నాయన వాట్సాప్‌లో ఏం స్టేటస్ పెట్టాడో చూసేవాడు. వార్తలు అక్కర్లేదు. బంధువుల గ్రూపులో తెల్లవారకముందే వచ్చిపడే పూల బొమ్మల శుభోదయాల వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. నేను అటుగా వస్తున్న అలికిడైతే చాలు, తెర ఆర్పేసి కొండ వైపు చూస్తూ కూర్చునేవాడు. తిరుపతిలో ఎక్కడ కూర్చున్నా కొండ కనబడుతుంది కాబట్టి ఆ సాకు బాగానే పనికొచ్చేది.

ఎందుకంత దాపరికమంటే, అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఆస్తి పంపకాలు నవ్వుతూ చేసుకున్న మనుషులు ఒక తాంబూలం దగ్గర చెడ్డారు. మా వైపు పెళ్ళిలో మొదటి తాంబూలం ఇంటి పెద్దకివ్వాలి. చిన్నాయన కూతురి పెళ్ళిలో, ఆ సందడిలో ఎవరో పక్కనుంచి తొందరపెడితే, ఆయన తాంబూలం తీసి ఎదురుగా కనబడిన బావమరిది చేతిలో పెట్టేశాడు. నాయన అన్నం తినకుండా పూతలపట్టు కూడలి దాకా నడిచి వచ్చి బస్సెక్కేశాడు. తాంబూలం తప్పిందని ఈయన బాధ, బిడ్డ పెళ్ళిలో అన్న మెతుకు ముట్టకుండా పోయాడని ఆయన బాధ. ఇద్దరిదీ న్యాయమే. రెండు ఆకులు, ఒక వక్క ముక్క, మా ఇంటి మగవాళ్ళ పౌరుషానికి అవి చాలు.

ఏళ్ళు గడిచాయి. మధ్యలో అమ్మ పోయింది, నాయన మా ఇంటికి వచ్చేశాడు. అమ్మ కర్మలకు చిన్నాయన వచ్చి, అన్నీ దగ్గరుండి చేయించి, అన్నతో మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు. నేను మాత్రం పండక్కీ పబ్బానికీ ఆయనకు ఫోన్ చేస్తూనే ఉండేదాన్ని. ఎంత కోపమున్నా ఆ ఇద్దరూ ఒకరి నంబరు ఒకరు ఫోనులోంచి తీసెయ్యలేదు. తీసేసి ఉంటే స్టేటస్ కనబడేదే కాదు.

చిన్నాయన పెట్టే ఫోటోలు చూస్తే నాకు నవ్వొచ్చేది. లోకమంతా కేకులూ కొత్త చీరలూ పెడుతుంటే, ఈయన బోరు మోటారు పెట్టేవాడు. ఆవు ఈనితే దూడను పెట్టేవాడు. మామిడి తోటలో తోతాపురి కొమ్మకు వచ్చిన పూత, చీడ పట్టిన ఆకు. కింద ఒక్క మాట రాసేవాడు కాదు. ఆ తోట పంపకాల్లో ఆయన వాటాకు పోయినా, గుంతలు తీసి మొక్కలు నాటింది మాత్రం ఇద్దరూ కలిసే.

నాయన ఆ ఫోటోలు చూస్తూ గోడతో మాట్లాడేవాడు. "ఈ పొద్దు మందు కొట్టకపోతే పూతంతా రాలిపోతాది. వీనికి ఎప్పటికి బుద్ధొస్తాదో."

"ఏమి నాయనా?" అనేదాన్ని, తెలిసే.

"ఏం లేదు పాపా. ఎండ ఎక్కువైంది అంటాండా."

నాయన లెక్కలో స్టేటస్ చూడటమంటే ప్రహరీ మీదుగా పక్కింటి పెరట్లోకి తొంగి చూడటం లాంటిది. చూసి దిగిపోతే ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళ పేర్లు స్టేటస్ పెట్టినవాడికి కనబడతాయని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. చెబితే ఆ క్షణమే మానేస్తాడని కూడా తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను, అందులో నాకేమీ తప్పు కనబడలేదు.

నేను మూసుకుంటే ఊరు మూసుకుంటుందా? సాయంత్రం నాయన కూర్చునే టీ అంగడికి రిటైరైన బస్సు కండక్టరొకాయన వస్తాడు. ఆయన తన మనవడి ఫోటో స్టేటస్ పెట్టి, "సూడప్పా, ఎంతమంది సూసినారో! అందురి పేర్లూ ఈడ పడిండాయి" అని ఒక్కొక్కరికీ తిప్పి తిప్పి చూపించాడట. నాయన సగం టీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

"పేర్లు పడతాయంట గదా?"

"పడతాయి నాయనా."

"నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"దినామూ పొద్దున్నే, అందరికన్నా ముందు నా పేరే సూస్తాంటాడేమో గదా వాడు?" మొహం కందగడ్డ అయింది. "వాని ముందర నా పరువు తీసినావు గదే."

ఆ రాత్రి ఫోను ఫ్రిజ్ మీదికెక్కింది. మరుసటి రోజు నుంచి కాఫీ తాగి ఊరికే కూర్చునేవాడు. నా ఫోనులో చూపిస్తాను, నా పేరే పడుతుంది, చూడమన్నాను. "నువ్వు సూసుకో. నాకేంటికి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత వయసొచ్చినా ఈ పట్టింపులేమిటని గట్టిగానే కేకలేశాను. ఆయన అన్నం కూడా సగమే తింటుంటే నాకు మనసు చివుక్కుమంది. తమ్ముడితో మిగిలిన ఆ కాస్త సంబంధమూ తెగిపోతోంది, నేను చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది కనబడలేదు.

ఆదివారం పొద్దుటినుంచి బట్టలుతికే పనిలో పడి నేను ఫోను ముట్టలేదు. మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తుంటే గేటు చప్పుడైంది. వంగి చూస్తే చిన్నాయన. చొక్కా బొత్తాలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకుని ఉన్నాడు. కాళ్ళకు తోటలో తొడుక్కునే చెప్పులు, వాటి నిండా మట్టి. అన్న ఇంటికి ఉత్త చేతులతో వచ్చే మనిషి కాదు, ఆ రోజు చేతిలో ఏమీ లేదు. వసారాలోంచి నాయన లేచి నిలబడ్డాడు.

"బాగానే ఉండావు గదా," అన్నాడు చిన్నాయన, గేటు మీద చెయ్యి తీయకుండా.

"నాకేమి?"

"మరి సూడవేంటికి? నాలుగు పొద్దులాయె నీ పేరు పడక. జరమనుకుంటి. ఇంకేమన్నా అయిందేమో అనుకుంటి. పాపకు ఫోన్ చేస్తే ఎత్తదు. బస్సు చంద్రగిరి దాటినా నా పానం నా కాడ లేదు."

నాయన తల దించుకున్నాడు. "పేరు పడతాదని నాకు తెలీదురా. తెలిసినాక సిగ్గేసింది."

"సిగ్గేంటికి? నీ పేరు సూసినాకనే గదా నేను పొద్దున ఇంత తినేది. ఆ ఫోటోలు ఇంకెవురి కోసరం పెడతాండాననుకున్నావు?"

వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది.

"అట్లయితే ఇన్నేండ్లలో ఒక్కసారి ఫోన్ చేసుండొచ్చు గదరా," అన్నాడు నాయన.

"చేసి, నువ్వు ఎత్తకపోతే?"

ఎత్తేవాడు కాదని నాయనకు తెలుసు, పైన నిలబడ్డ నాకూ తెలుసు. అది తెలిసే చిన్నాయన ఇన్నేళ్ళూ ఫోన్ చేయలేదు. చేయకుండా ఉండలేక రోజుకొక ఫోటో పెట్టాడు.

నాయన మెట్లు దిగి గేటు దాకా వెళ్ళాడు. తమ్ముడి చొక్కా బొత్తాలు కింది నుంచి ఒక్కొక్కటే విప్పి, సరిగ్గా పెట్టడం మొదలుపెట్టాడు. అరవై దాటిన మనిషి కదలకుండా నిలబడి పెట్టించుకున్నాడు. నేను కిందికి పోలేదు. పై బొత్తాం పెట్టడం అయిపోయాక కూడా నాయన తమ్ముడి ఎద మీదనుంచి చెయ్యి తీయలేదు.