స్టిక్కర్ బొట్టు

ఉప్పల్‌లో బస్సెక్కితే నా పక్కన తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ కూర్చుంది. సంచిలోంచి సువార్త కరపత్రాలు తీసి అందరికీ ఇస్తోంది. వెనక సీటాయన ఒకటి తీసుకుని, చదవకుండానే చింపి ఆవిడ ఒళ్లో పడేశాడు.

"గీ ముచ్చట్లు మీ ఇంట్ల పెట్టుకో. బస్సుల పంచుడేంది?"

ఆవిడ ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. "నచ్చకుంటే చింపు బిడ్డా. నేనెవరి సేవ జేస్తున్ననో మాత్రం దాసుకోను," అంటూ ఇంకోటి తీసి ముందు సీటువాళ్లకి ఇచ్చింది.

తర్వాత నాకూ ఇచ్చింది.

మాదీ క్రైస్తవుల ఇల్లే. మావాళ్లు బొట్టు పెట్టుకోరు. తెలిస్తే అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని నేను మాత్రం రోజూ స్టిక్కర్ పెట్టుకునేదాన్ని. ఆదివారం చర్చి గేటు దగ్గర దాన్ని తీసి పర్సుకి అంటించేదాన్ని.

"నేనూ విశ్వాసినే పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ నా నుదుటి వైపు చూసింది. "గంత మెల్లగ జెప్తున్నవేంది?" అంది. అంతే. నాచారంలో దిగిపోయింది.

మర్నాడు పొద్దున ఇంటి ఓనరావిడ గేటు దగ్గర నన్ను చూసి, "ఏమ్మా, బొట్టు మర్చిపోయావా?" అంది.

"మర్చిపోలేదండీ," అన్నాను, బస్సులో వెనక సీటు దాకా వినపడేంత గట్టిగా.